బొట్టు పెట్టని పిలుపు

అరవై రెండు వేసవిలో నూజివీడుకి రెండు కంపెనీల వాళ్లు దిగారు. ఒకటి స్నో, పౌడరు, తిలకం సీసాలమ్మేది. రెండోది ప్రెషర్ కుక్కర్లది. రెండింటి పద్ధతీ ఒకటే. కొట్టు పెట్టరు. ఊరికొక ఆడమనిషిని చూసుకుంటారు. ఆవిడ చుట్టుపక్కల అమ్మలక్కల్ని ఇంటికి పిలిచి, కాఫీలిచ్చి, సరుకు చూపించి అమ్మించాలి. బాగా అమ్మించినావిడకి ఆ ఊరి ఏజెన్సీ, దాని మీద కమీషను.

చాట్రాయి దగ్గర పల్లెలో మామిడితోటల రైతు కోటేశ్వరరావు ఈ సంగతి భోజనాల దగ్గర నవ్వులాటగా చెప్పాడు. నవ్వనిది ఆయన చెల్లెలు రాజ్యలక్ష్మి ఒక్కతే. చిన్నవయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని అన్నగారింటికి చేరిన మనిషి. ఆ ఇంటి వంటంతా ఆమెదే. తిండికి లోటు లేదని ఊరంతా అంటుంది, మనిషికి తిండి ఒక్కటే కావలసినట్టు. ఒంటిసబ్బు అరిగిపోతే వదినని అడగాలి. జాకెట్టు చిరిగితే వదినని అడగాలి. వదిన ఏనాడూ లేదనలేదు. అడిగించుకోకుండా ఏనాడూ ఇవ్వనూ లేదు. ఈ ఏజెన్సీ వస్తే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. రాజ్యలక్ష్మికి కావలసింది అదే.

ఏ కంపెనీ అన్నదాంట్లో పెద్దగా ఆలోచించేదేమీ లేకపోయింది. బొట్టు చెరిపేసిన మనిషి తిలకం సీసాలు ముందేసుకు కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? కుక్కరైతే వంటింటి సామాను. వంటింట్లో ఆమెని ఎవరూ కాదనరు. తెల్లారింది మొదలు అక్కడే పడి ఉన్నా కాదనరు. కుక్కర్ల కంపెనీకే కబురు పంపించింది.

ఆ కంపెనీ మనిషి సీతారామాంజనేయులు బెజవాడవాడు, మాటకారి. "మీరు నలుగుర్నీ పోగెయ్యండమ్మా. కుక్కరూ, కిరసనాయిలు స్టవ్వూ నేను పట్టుకొచ్చేస్తాను" అన్నాడు.

పోగెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కు. ఆ పల్లెలో ఆడవాళ్లు నలుగురూ ఒక ఇంటికి రావాలంటే ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. ఉత్త నోటిపిలుపుకి ఎవరూ గడప దాటరు. రాజ్యలక్ష్మి కుంకుమభరిణె పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కగలదు?

"దానికేముందే, నేను పిలుచుకొస్తాలే" అంది వదిన నాగేశ్వరమ్మ. రాజ్యలక్ష్మి పొంగిపోయింది, పిచ్చిది.

అందరూ వచ్చారు. "శుభమా అని ముత్తైదువులొస్తున్నారు, నువ్వు ఎదురుపడకు" అని వదిన చెప్పడంతో రాజ్యలక్ష్మి వంటింటి తలుపు చాటునే ఉండిపోయింది. ఏం వండి చూపించాలో చెప్పింది మాత్రం ఆమే. పుల్లమామిడికాయ ముందే వేస్తే పప్పు చచ్చినా ఉడకదని ఆ మామిడి దేశంలో చంటిపిల్లకి కూడా తెలుసు. అందుకే కందిపప్పూ, మామిడికాయ ముక్కలూ ఒకేసారి కుక్కర్లో వెయ్యమంది. మూత తీసి చూస్తే పప్పు వెన్నలా ఉడికింది. ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. తెచ్చిన కుక్కర్లన్నీ అప్పటికప్పుడే చెల్లిపోయాయి.

సీతారామాంజనేయులు ఏజెన్సీ నాగేశ్వరమ్మ పేర ఇచ్చి, వండి చూపించిన కుక్కరు కూడా ఆవిడకే ఉంచాడు.

"ఇదంతా నేను చేయించానండీ" అంది రాజ్యలక్ష్మి, తలుపు చాటునుంచి ఇవతలికొచ్చి.

"కాదన్నానా అమ్మా? కానీ పిలుపు ఆవిడది కదా. నలుగుర్నీ పిలవగలిగినవాళ్లకే ఇమ్మంటుంది కంపెనీ. మీరు పిలిస్తే వస్తారా, మీరే చెప్పండి."

"ఎవరి పేరైతే ఏంటే? ఒక ఇంట్లోవాళ్లమేగా" అంది నాగేశ్వరమ్మ. కోటేశ్వరరావు అంతా విని, కాయ కోయించాలంటూ తోటకి వెళ్లిపోయాడు.

రాజ్యలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. "నేనూ పిలుస్తానండీ. ఆదివారం రండి. ఈ ఊళ్లో బొట్టుతో పనిలేనివాళ్లు చాలామందే ఉన్నారు."

"మీ పిలుపుకి జనం వచ్చి కొన్నారంటే మీ పేర కూడా ఏజెన్సీ ఇప్పిస్తాను" అన్నాడతను.

ఆమె పెరటిదారుల వెంట తిరిగి ఊళ్లోని విధవరాళ్లందరినీ పిలిచింది. వాళ్లని అలా ఎవరూ ఏ ఇంటికీ పిలిచి ఎరగరు. "నన్నేనా? నిజంగా నన్నేనా?" అని రెండుసార్లు అడిగింది అచ్చమ్మ. మరిదిగారింట్లో వండిపెడుతూ బతుకుతున్న ముసలావిడ.

ఆదివారంనాడు అందరూ ఉతికిన చీరలు కట్టుకుని వచ్చి వెనక వసారాలో కూర్చున్నారు. రాజ్యలక్ష్మి వాళ్ల మధ్యనే కూర్చుని స్వయంగా వండి చూపించింది. కుక్కరు ఈల వేస్తే ఉలిక్కిపడి, ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. పప్పు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. ఇన్నాళ్లకి తన ఇంట్లో తన కోసం నలుగురు వచ్చారని రాజ్యలక్ష్మికి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎవరెవరికి కావాలండీ?" అని అడిగాడు సీతారామాంజనేయులు.

అందరూ అచ్చమ్మ వైపు చూశారు.

"వాయిదాల మీదయినా ఇస్తారు, అచ్చమ్మత్తా. నువ్వు మొదలుపెడితే మిగతావాళ్లూ తీసుకుంటారు" అంది రాజ్యలక్ష్మి.

అచ్చమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "మా ఇంటికి ఒకటి వచ్చిందే తల్లీ. మొన్న మీ వదిన పిలిస్తే వచ్చి మా తోడికోడలు కొనుక్కుపోయింది. ఇప్పుడు వంట తనే చేసేసుకుంటోంది. చిటికెలో అయిపోతోందట. ఇంక నాకు ఇంట్లో పనేముందని, తోటలో కాపలా పాకలో ఉండమన్నాడు మా మరిది. రేపే వెళ్తున్నాను."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో ఎంతమంది ఇళ్లకి కుక్కర్లు చేరాయో రాజ్యలక్ష్మి అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

సీతారామాంజనేయులు సామాను సర్దుకుంటూ ఉండగా ఇంట్లోంచి కుక్కరు ఈల వినిపించింది. నాగేశ్వరమ్మ ఆ పూట వంట తనే మొదలుపెట్టింది.