మన్ను కప్ప

శివరాత్రి దాటి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక పెరట్లో పూలమడి వేశాం. మా ఊరు కర్ఖేలి, నేల నల్లరేగడి. ఎండిందంటే గడ్డపారకు కూడా లొంగదు. నా భర్త కిషన్‌రావు, కూలికి వచ్చిన మైసవ్వ రెండు రోజులు మోకాలి లోతు తవ్వి, పెంట ఎరువు కలిపారు. నేను నలభై బంతి మొక్కలు నాటాను.

పోయిన వానాకాలంలో ఆయన కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టారు. లేచి నడిస్తే చైత్ర పౌర్ణమికి నా చేత్తో పెంచిన బంతిపూల మాల వేస్తానని మారుతికి మొక్కుకున్నాను. మా ఆయన లేచి నడిచారు. ఇక మాట నిలుపుకోవలసింది నేనే.

గడ్డలు నానాలని వారం రోజులు రెండు పూటలా పైపు పెట్టి మడి నిండా నీళ్లు వదిలాను. ఎనిమిదో రోజు దీపం పెట్టే వేళ పెరట్లోంచి ఒక అరుపు వినిపించింది. బొంగురుగా, ఆగి ఆగి.

"మోటరు కరాబైనట్టున్నది," అన్నారు మా ఆయన.

కోడలు స్నేహల్ ఫోన్ లైటు పట్టుకుని వెళ్లింది. ఆమె పుట్టిల్లు దెగ్లూర్, మాట సగం మరాఠీ. "ఆయీ, బేడూక్," అని పిలిచింది.

వెళ్లి చూస్తే కప్ప. నిమ్మకాయంత గుండ్రంగా, అచ్చం మన్ను రంగులో ఉంది. గొంతు ఉబ్బించి అరిచింది. తర్వాత జవాబు కోసం ఆగినట్టు ఊరుకుంది. ఎక్కడా ఇంకో కప్ప పలకలేదు.

పొద్దున మైసవ్వ వచ్చి చూసి నవ్వింది. "ఇది నీళ్ల కప్ప గాదు, మన్ను కప్ప. వానలు పోయినంక మన్నుల దిగి పంటది. మల్ల మిరుగు కార్తె అచ్చి వాన పడితెనే లేస్తది."

"మరి ఇప్పుడెందుకు లేచింది?"

"నువ్వే లేపినవ్ గద, గంగుబాయి. వారం దినాలు మీదికెల్లి నీళ్లు దిగినయి. వాన అనుకున్నది. పాపం, లగ్గానికని తయారై అచ్చింది, పందిట్ల ఎవ్వలు లేరు."

స్నేహల్ కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. విష్ణుమూర్తి నాలుగు నెలలు నిద్రపోతాడని చాతుర్మాస్యం పాటిస్తాం. ఆ వాన నెలల్లో ఈ కప్ప మేలుకుని ఉంటుంది. కార్తీకంలో స్వామి లేచాక ఇది పడుకుంటుంది. తిండి లేదు, నీళ్లు లేవు, రాయిలాంటి మన్ను మీద మేము తిరుగుతుంటాం. అక్కడ దానికి ఊపిరి ఎవరు పోస్తున్నారు? ఒంటికి తడి తగలడమే దానికి పిలుపు. ఆ పిలుపు ఈసారి నేను అబద్ధంగా పిలిచాను.

"చేన్ల ఇడిసిపెడ్త తియ్యి," అన్నారు మా ఆయన.

"చేను రాయి లెక్కున్నది పటేలా. నీ గడ్డపారే దిగలే, దాని కాళ్లు దిగుతయా?" అంది మైసవ్వ. " మెత్తగున్నది ఈ మడి ఒక్కటే. నీళ్లు బంజెయ్యిండ్రి. మీద ఆరుతాంటే అదే కిందికి పోతది. పోస్తనే ఉంటె దినాం మీదికి అస్తది. కాకులు ఇడుస్తయా, కోళ్లు ఇడుస్తయా?"

నీళ్లు ఆపితే బంతి చచ్చిపోతుంది. అదే అన్నాను.

"బజారు మాల ఎయ్యి. ఎట్లయినా నీ చేత్తోనే ఏస్తవ్ గద," అన్నారు మా ఆయన.

"మొక్కింది మీ కాలి కోసం. నవ్వులాట కాదు."



మధ్యాహ్నం మొక్కలు తలలు వాల్చాయి. పైపు పట్టుకుని మడి దగ్గరికి వెళ్లాను. ఒక ఆకు నీడలో కప్ప కళ్లు మెరుస్తున్నాయి. మారుతికి ఇచ్చిన మాట తెలిసి ఇచ్చాను. దీనికి ఇచ్చింది తెలియక ఇచ్చాను. దేవుడి లెక్కలో ఏది ముందో నాకు ఎవరూ చెప్పలేదు, నేను చదివిన నాలుగు పుస్తకాల్లోనూ లేదు. చాలాసేపు నిలబడి, పైపు చుట్టి గోడకు తగిలించాను.

స్నేహల్ ఆరు మొక్కలను పాత డబ్బాల్లోకి మార్చింది. వేర్లు తెగి, ఎండకు రెండే నిలిచాయి. రెండు మొక్కలు మాలకు చాలవు. మడిలోవి ఒక్కొక్కటే ఎండిపోయాయి.

ఆరో రోజు సాయంత్రం మైసవ్వతో కలిపి నలుగురం అరుగు మీద ఉన్నాం. మడి పైన మన్ను తెల్లబారింది. కప్ప మెల్లగా ఒక మూలకు వచ్చి మా వైపు ముఖం పెట్టి కూర్చుంది. అరవలేదు. వెనక కాళ్లతో మన్నును అటొకసారి ఇటొకసారి తోయడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. వెనక్కి వెనక్కి దిగుతోంది. నడుము పోయింది, పొట్ట పోయింది, ముందు కాళ్లు పోయాయి. చివరికి కళ్లు మాత్రం మా వైపు చూస్తూ మిగిలాయి. అవీ మూసుకుంది. మన్ను జారి దాని మీద పడింది. మరుక్షణం అక్కడ ఏదో ఉందంటే ఎవరూ నమ్మరు.



"జమీన్ తలుపు తీసినట్టే ఉండె," అన్నారు మా ఆయన గొంతు తగ్గించి.

మర్నాడు కోళ్లు గీకకుండా ఆ మూల తుమ్మకంప పరిచాం. స్నానం చేసి మారుతి గుడికి వెళ్లాను. ఈ ఏడు మాల లేదని, జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాను. ఇంకేమైనా అడుగుదామని నిలబడ్డాను గానీ, అడగడానికి ఏదీ గుర్తురాలేదు.