నీలం పువ్వు కప్పు

ఈస్టర్‌కి ముందురోజు ఉదయం కంచె గుంజ మీద క్సేనియా కప్పు దొరికింది, లోపల సిగరెట్ పీకతో.

చూసింది మా పిన్ని ఉల్యానా. నీలం పువ్వున్న ఆ కప్పును కర్రతో ఎత్తి తెచ్చి వరండాలో పడేసింది. వలసవచ్చి గిప్స్‌ల్యాండ్ పల్లెలో స్థిరపడ్డా పాత ఆచారాలు వదలని క్రైస్తవులం మేం; మా ఇళ్ళలో ఎవరి కప్పు వాళ్ళదే. బయటివాళ్ళకు వరండాలో వేరే మగ్గులుంటాయి. వాళ్ళ మూతి తగిలితే కప్పు మైలపడ్డట్టే. ఇక పొగాకు సంగతి చెప్పనే అక్కర్లేదు.

క్సేనియా పిన్ని కోడలు. నిరుడు బాప్తిస్మం తీసుకునేదాకా ఆమె కైలీ, పట్నంలో నర్సు, బాగా సిగరెట్లు కాల్చేది. అనుమానం ఎటు పోవాలో అటే పోయింది.

"పేరు మార్చాం గానీ మూతి మార్చలేకపోయాం," అంది పిన్ని.

"నేను కాల్చలేదత్తయ్యా."

"మరి కప్పుకి కాళ్ళొచ్చాయా?"

ఆ పీక పక్క పొలం బ్రెట్ కాల్చే సిగరెట్ల రకమని నేనన్నాను. దాంతో వ్యవహారం ఇంకా చెడింది. కంచె దగ్గర అతనితో నీకేం పని అని పిన్ని క్సేనియాను నిలదీసింది. తప్పు ఆమెదేనని తేలితే ప్రార్థనకు రానివ్వరు. పండగ భోజనం మొగుడి పక్కన కాదు, వరండాలో ఆ మగ్గుల పక్కన. మా ఇంట్లో ఆమెకిది మొదటి ఈస్టర్.

తీర్పు చెప్పాల్సింది ప్రార్థన నడిపించే మా బాబాయి ఎవ్‌స్తాఫీ. పొద్దుటినుంచీ ఆయన గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు.

ప్రార్థనకు ముందు అందరం ఒకరికొకరం మొక్కి క్షమాపణ అడుగుతాం. దేవుడు క్షమిస్తాడని అవతలివాళ్ళు అనాలి. సాయంత్రం క్సేనియా గుమ్మం బయటే నేలకు నుదురానించింది.

"క్షమించండి మావయ్యా."

బాబాయి గుమ్మం దాటి వచ్చాడు. మెల్లగా ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"లేమ్మా. నిన్న బ్రెట్ ట్రాక్టర్ దిగుతూ కంచె దగ్గర పడిపోయాడు. వరండా మగ్గులన్నీ మీ అత్త పండక్కి కడగాలని నానబెట్టింది. నీళ్ళకని వంటింట్లోకి పరుగెత్తితే ముందు నా కప్పే చేతికి దొరికింది. మైలపడుతుందని దాన్ని పెట్టేసి నీది తీశాను. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నీది పోతే ఏముందిలే అనుకున్నాను. వాడు తేరుకుని సిగరెట్ ముట్టించాడు. కప్పు అక్కడే వదిలేసి వచ్చాను. పొద్దుటినుంచీ నిన్ను తిడుతుంటే అన్నీ విన్నాను. నేనేనమ్మా."