ఒకటి, మూడు, నాలుగు చరణాలు

ఊరికే ఇచ్చినదానికి ఎన్ని తిట్లు పడతాయో తెలుసుకోవాలంటే ఒక సాఫ్ట్‌వేర్ రాసి ఇంటర్నెట్‌లో పెట్టండి. నేను పెట్టి పదకొండేళ్ళయింది. దాని పేరు జల్లెడ. పాటల సీడీని కంప్యూటర్‌లో పెడితే పాటలను ఫైళ్ళుగా మార్చి ఇస్తుంది. గీతలు పడ్డ చోట ఒకసారి చదివి వదిలేయదు. ఎనభైసార్లయినా చదివి, ఎక్కువసార్లు ఏది వచ్చిందో దాన్ని తీసుకుంటుంది. డబ్బు అడగదు, ప్రకటనలు చూపించదు. బళ్ళారిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం చేసుకుంటూ, సత్యనారాయణపేటలో మా ముందుగదిలో కూర్చుని, ఆదివారాలూ సెలవులూ అన్నీ దానికే పోసి రాశాను.

ఏ దేశమో తెలియని ఒకాయన "నీ టూల్ ఉత్త చెత్త" అని రాస్తాడు. ఇంకొకాయన "నా డ్రైవ్‌లో పనిచేయడం లేదు, రేపటికల్లా సరిచేయి" అంటాడు, నేను ఆయన ఇంట్లో జీతానికి ఉన్నట్టు. మొదట్లో అందరికీ ఓపిగ్గా జవాబులు రాసేవాణ్ణి. తర్వాత ముక్తసరిగా రాశాను. ఈమధ్య ఆ ఉత్తరాల పెట్టెను వారానికోసారి కూడా తెరవడం లేదు. నాకు యాభై మూడేళ్ళు. మెడ నొప్పి, కళ్ళ మంట. ఇంకా ఎవరి కోసం?

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం "జల్లెడ పని ఇంతటితో ఆపేస్తున్నాను. ఇన్నాళ్ళు వాడినవాళ్ళకు కృతజ్ఞతలు" అని టైపు చేశాను. బటన్ నొక్కడమే మిగిలింది. అప్పుడు మా అక్క జ్ఞానకుమారి చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. రెండు మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది. కీర్తనల పుస్తకం ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుంది.

"శేఖరా, ఒక పని చేసి పెడ్తావా అప్పా?"

"ఏంది చెప్పక్కా."

"మీ బావ గొంతు వినల్ల."

కెన్నెత్ బావ పోయి ఏడాది కావస్తోంది. అంతకు మూడేళ్ళ ముందే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మూలుగులాంటి శబ్దం ఒకటి వచ్చేది, దాన్ని అక్క ఒక్కతే అర్థం చేసుకునేది. అంతకుముందు బావ వాడింది బటన్ల ఫోను. కూతురు షెకైనా పెళ్ళి వీడియోలో ఆయన నోరు కదులుతూ కనిపిస్తుంది గాని, వీడియో తీసినవాడు మొదటి నుంచి చివరి దాకా పాటలు అతికించేశాడు.

"ముఖం కండ్ల ముందరే ఉండాది" అంది అక్క. "గొంతే రాదు. తలుచుకుంటే ఆ ఆఖరి మూడేండ్ల శబ్దమే వస్తాండాది. ముందటి గొంతు మర్చిపోతాండా శేఖరా. నాకు బయమేస్తాండాది. మన క్వయర్ సీడీలో ఉండాడు కదా అని, నువ్విచ్చిన పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి మొత్తం విన్నా. పాటలన్నీ ఉండాయి. ఆయన లేడు."

ఎందుకు లేడో నాకు తెలుసు. ఈ లోకంలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

మా చర్చి సంఘం వాళ్ళు పంతొమ్మిదేళ్ళ కిందట పన్నెండు కీర్తనలు పాడి సీడీ చేయించారు. అక్క ముందు నిలబడి పాడేది. బావకు శ్రుతి అంటే ఏమిటో దేవుడు చెప్పలేదు. కాబట్టి ఆయనకు నంబరు చెప్పే పని ఇచ్చారు. ప్రతి ఆదివారం లేచి నిలబడి, ఫలానా కీర్తన, ఫలానా చరణాలు అని చెప్పి కూర్చునేవాడు. అందరూ పేజీలు తిప్పేవాళ్ళు. సీడీలోనూ ఆయన చేత అలాగే చెప్పించారు. రికార్డు చేసినవాడు ఆ మాటల్ని పాటకూ పాటకూ మధ్య ఉండే ఖాళీలో పెట్టాడు. డిస్క్‌ను మొదటి నుంచి వినేవాళ్ళకు అవి వినిపిస్తాయి. నచ్చిన పాట నొక్కితే నేరుగా పాట మొదలవుతుంది.

జల్లెడ ఆ ఖాళీలను పారేస్తుంది. అలా రాసింది నేనే. ఎనిమిదేళ్ళ కిందట సంఘం సీడీని ఫైళ్ళుగా మార్చినప్పుడు బావ మాటలు పోయాయని గమనించకపోలేదు. గమనించే, మంచిదే అనుకున్నాను. ఫైలు పేరులోనే నంబరు ఉంది కదా, మళ్ళీ చెప్పడం ఎందుకు అనుకున్నాను. పెన్‌డ్రైవ్ ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే బావ పన్నెండు పాటలూ విని, "నన్నొక్కణ్ణే జల్లించేసినావు కదప్పా" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్కకు దాచకుండా చెప్పేశాను. "నేనే తీసేసినానక్కా."

"ఏమిటికి?"

"అక్కర్లేదనుకున్నా."

ఆమెకు కోపమొస్తే బాగుండేది. "సరేలే, తీసిందాన్ని మళ్ళీ పెట్టు" అంది, డబ్బాలోంచి తీసిన పప్పును మళ్ళీ డబ్బాలో పోయమన్నట్టు.

మళ్ళీ పెట్టాలంటే డిస్క్ కావాలి. ఆ డిస్కులను వదిలించుకుందీ నేనే. ఫైళ్ళు ఉండగా ఈ బిళ్ళలెందుకని అందరికీ నచ్చజెప్పి, చర్చి బీరువాలో మిగిలినవీ, ఇళ్ళల్లో ఉన్నవీ, అక్క ఇంట్లోదీ, నాదీ ఒక సంచిలో వేశాను. మోక ఊరి దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు స్థిరపడ్డ క్యాంపులో వరి పండించే బసవపున్నయ్యకు ఇచ్చాను. ఆయన కొడుకు మా కాలేజీలో చదివాడు. పిట్టలను బెదరగొట్టడానికి పాత సీడీలుంటే ఇమ్మని ఆయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు. బైకు మీద స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చి, మజ్జిగ తాగి వచ్చాను.

అక్క వెళ్ళాక సంఘం వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఒకరు ఖాళీ పెట్టె తెచ్చిచ్చారు. ఇంకొకరు తెచ్చిన డిస్క్ రెండు ముక్కలై ఉంది. రికార్డు చేసిన దుకాణం ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

ఆ సాయంత్రం ఇంకొకటి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఎవరో ఒకామె జల్లెడ గురించి ఫిర్యాదు రాసింది. వాళ్ళ అమ్మమ్మ పాడిన డిస్క్ ఉందట. పాటకు ముందు అమ్మమ్మ మనవరాళ్ళను పేరు పేరునా పిలుస్తుందట. "మీ టూల్ ఆ పిలుపులన్నీ తీసేస్తోంది, దయచేసి చూడండి" అని రాసింది. ఆ రోజు ఎందుకో చిరాకుగా ఉన్నాను. "ఇది లోపం కాదు. ఇలా ఉండాలనే రాశాను" అని జవాబిచ్చి ఆ ఫిర్యాదును మూసేశాను. ఆమె మళ్ళీ రాయలేదు. వెతికి ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదువుకున్నాను. సిగ్గేసింది.

మరుసటి రోజు సెలవు పెట్టి మోక వెళ్ళాను. వరి పాలు పోసుకుంటోంది. చేను నిండా కట్టెలు పాతి తాళ్ళకు సీడీలు వేలాడదీశారు. దూరం నుంచి చూస్తే మెరుస్తున్నాయి, కొంచెం ఆశ పుట్టింది. దగ్గరికి వెళ్తే వెండిపూత చాలావరకు రాలిపోయి, డిస్క్‌లోంచి ఆకాశం కనబడుతోంది. గట్టు వెంబడి ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటూ పోయాను. మా సంఘం పేరున్నవి తొమ్మిది దొరికాయి. ఒక్కటీ పనికిరాదు.

"ఏంది సారూ, నా చేన్లో ఏమి ఎతుకుతాండారు?" అని బసవపున్నయ్య గట్టు మీదికి వచ్చాడు. చెప్పాను. ఆయన కండువాతో మెడ తుడుచుకుని, "అయ్యో, ఎనిమిదేండ్ల ఎండ కదప్పా. పిట్టలే వాటికి బయపడడం మానేసినాయి" అన్నాడు. తర్వాత ఇంటివైపు తిరిగి, "ఝాన్సీ! సారు ఇచ్చిన బిళ్ళలు ఇంట్లో ఏమన్నా మిగిలినాయా?" అని కేకేశాడు.

ఆయన భార్య ఝాన్సీలక్ష్మి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఒకటి దేవుడి గూట్లో ఉండాది" అంది.

గూట్లో దీపం వెనక గోడకు ఆనించి ఉంది డిస్క్. మెరిసే వైపు దీపానికి ఎదురుగా పెట్టింది. ఒక దీపం పెడితే రెండు కనబడతాయని పెట్టిందట. ఎనిమిదేళ్ళ మసి, నూనె, అంచు మీద కుంకుమ.

"అమ్మా, అవి మా చర్చి పాటలు" అన్నాను.

"తెలుసు సారూ. పైన రాసుండాది కదా. దేవుడి పాటలంట, ఒక్కదాన్నన్నా ఎండలో కట్టొద్దని నేనే తీసిపెట్టినా. తీసుకుపోండి. దీపం వెనక అద్దం ముక్క పెట్టుకుంటాలే." గూట్లోంచి తీసి, చీర కొంగుతో ఒకసారి తుడిచి నా చేతికిచ్చింది.

ఇంటికొచ్చి సబ్బునీళ్ళతో కడిగాను. మసి పోయింది. దీపం సెగ తగిలిన చోట మాత్రం మచ్చ మిగిలింది. నడిమి దగ్గర సన్నగా మొదలై అంచుకు పోయేకొద్దీ వెడల్పవుతోంది. సీడీలో మొదటి పాటలు నడిమి దగ్గరే ఉంటాయి. అంటే ఏమైనా దక్కితే మొదటి పాటల దగ్గరే దక్కాలి.

తర్వాత జల్లెడ కోడ్ తెరిచి, ఖాళీలను పారేయమని చెప్పే వాక్యం వెతికాను. ఒకే ఒక్క వాక్యం. తీసేయడానికి నిమిషం పట్టలేదు. నాలుగేళ్ళ కిందట ఆమె అడిగినప్పుడూ నిమిషమే పట్టేది.

డ్రైవ్ రెండు రోజులు గిర్రుమంటూ తిరిగింది. నాకు ప్రార్థన చేసే అలవాటు తక్కువ. ఆ రెండు రోజులు మాత్రం ముందుగదిలోకి వచ్చినప్పుడల్లా, ప్రభువా, ఒక్కటి రానీ అనుకున్నాను. మొదటి పాటకు ముందున్న ఖాళీని నా డ్రైవ్ అసలు చదవలేకపోయింది. నాలుగో పాట నుంచి అంతా చిటపటలే. మూడో పాట ముందర "చరణాలు" అనే మాట తోక ఒకటి దొరికింది. రెండో పాటకు ముందున్న ఖాళీ మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది. ఏడు సెకన్లు.

నేను వినలేదు. అక్క కంటే ముందు వినే హక్కు నాకు లేదనిపించింది.

బుధవారం సాయంకాలం అక్క వచ్చింది. ఆ సంచి మళ్ళీ తెచ్చుకుంది. కుర్చీ కంప్యూటర్ దగ్గరికి జరిపి కూర్చోబెట్టాను. "ఒక్కటే వచ్చిందక్కా. చిన్నది" అన్నాను.

"ఆయ్తు, సరేలే, పెట్టు."

పెట్టాను. మొదట గదిలో గాలి కదిలినట్టు సన్నటి హోరు. తర్వాత బావ.

"రెండు వందల పదిహేడో కీర్తన. ఒకటి, మూడు, నాలుగు చరణాలు."

ఆ తర్వాత చిన్నగా గొంతు సవరించుకున్న చప్పుడు. అంతే.

అక్క ఏడవలేదు. సంచిలోంచి కీర్తనల పుస్తకం తీసింది. పేజీలు తిప్పి రెండు వందల పదిహేడు తెరిచి, దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంది. నంబరు చెప్పాక ముప్పై ఏళ్ళు ప్రతి ఆదివారం చేసిన పనే అది.

"ఇంకోసారి."

మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు విన్నది. "ఇదే. ఇదే గొంతు" అని తనలో తానే అనుకుంది. తర్వాత పేజీ మీద రెండో చరణం చూపించి అడిగింది. "ఇది ఎప్పుడూ ఎందుకు వదిలేస్తాడో తెలుసునా నీకు?"

"టైము కోసమని పాస్టరుగారికి చెప్పేవాడు కదా."

"టైము కాదు, ఏమీ కాదు. ఈ చరణం పొడుగు. పైకి పోయి ఆడే నిలబడల్ల. మైన్స్ లారీల దుమ్ముకు నాకు ఆయాసం మొదలయినప్పటి నుంచి ఆడ ఊపిరి అందేది కాదు. ఒక ఆదివారం నేను మధ్యలో ఆగిపోయినా. అందరూ చూసినారు. మళ్ళా ఆదివారం నుంచి ఏ కీర్తనలో అయినా సరే, నాకు అందని చరణాన్ని వదిలేసి చెప్పేవాడు. నాతో ఒక్కమాట అనలేదు. నేనూ అడగలేదు. సుమ్నే, ఏమీ ఎరగనట్టు పాడేదాన్ని."

ఫైలు పేరులో నంబరు ఉంది కదా అనుకున్నాను. చరణాల సంగతి ఏ ఫైలు పేరులోనూ లేదు. నాకు ఏడుపాగలేదు. బావా, నన్ను క్షమించు అని పైకే అన్నాను. అక్క నా భుజం తట్టి, పుస్తకం దగ్గరికి పట్టుకుని సన్నటి గొంతుతో పాడింది. ఒకటో చరణం, మూడో చరణం, నాలుగో చరణం.

అక్కను ఆటో ఎక్కించి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆదివారం టైపు చేసిన వీడ్కోలు మాటలు అలాగే ఉన్నాయి. తుడిపేశాను. అలసట తీరిందని కాదు, ముందు చేయాల్సింది ఒకటి మిగిలిందని. ఖాళీలను పారేయని కొత్త జల్లెడను అందరికీ పెట్టాను. నాలుగేళ్ళ కిందట మూసేసిన ఫిర్యాదును తెరిచి ఆమెకు రాశాను. "మీరు చెప్పింది నిజం. తప్పు నాది. ఇప్పుడు సరిచేశాను. మీ అమ్మమ్మ డిస్క్ ఇంకా మీ దగ్గర ఉందా?"

తొమ్మిది రోజులైంది. వారానికోసారి కూడా తెరవని ఆ ఉత్తరాల పెట్టెను ఇప్పుడు పళ్ళు తోముకోకముందే తెరుస్తున్నాను. తిట్లు వస్తూనే ఉన్నాయి. ఆమె దగ్గర నుంచి మాత్రం ఇంకా ఏమీ రాలేదు.