నలభై మాటలు, మూడు మధ్యాహ్నాలు

గురువారం పొద్దున్న ఆయన గొంతు కోస్తారు. క్యాన్సరు పుండు స్వరపేటికదాకా పాకింది, మనిషి దక్కాలంటే దాన్ని తీసెయ్యక తప్పదు, ఆ తర్వాత పెదాలు కదులుతాయి గానీ మాట రాదు అని డాక్టరు ఏమీ దాచకుండా చెప్పేశాడు.

ఆయనేమో ముప్పైఎనిమిదేళ్లు చేపల మార్కెట్టులో వేలం పాడిన మనిషాయె. ఐసు కొట్టే మర మోతనూ, బుట్టలవాళ్ల గోలనూ దాటుకుని "ఒకటోసారి! రెండోసారి!" అని ఆయన గొంతెత్తితే, రేవు చివర పడవ కడుక్కునేవాడు కూడా తలెత్తి చూడాల్సిందే. అందరూ ఆయన్ని మూడోసారి మామ అనేవాళ్లు. ఇంటికొచ్చినా అదే గొంతు. ఉప్పు అందుకోమన్నా పక్కవీధివాళ్లకు వినపడేది. బట్టలు కుట్టే ఆయన భార్య ఆ అరుపుల మధ్యే సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంది.

ఆసుపత్రిలో మాటలు నేర్పే ఆవిడ ఒక దారి చెప్పింది. రోజూ అవసరపడే ఓ నలభై మాటలు ముందే రికార్డు చేసి తెస్తే ఫోనులో పెట్టిస్తారట. ఏ మాట నొక్కితే ఆ మాట ఆయన గొంతుతోనే పలుకుతుందట. "కానీ రోజుకు అరగంటే. అంతకు మించి గొంతును కష్టపెట్టకూడదు," అంది.

భార్య తన కొలతల పుస్తకంలోంచి ఓ కాగితం చింపి నలభై మాటలూ రాసింది. నీళ్లు కావాలి. నొప్పిగా ఉంది. దుప్పటి కప్పు. వస్తున్నా ఉండు. రాస్తున్నంతసేపూ ఆవిడకు ఒకటే దిగులు. ఇకమీదట బతికినన్నాళ్లూ ఈ ఇంట్లో తనకు వినపడేవి ఇవే కదా అని.

పై అంతస్తులో ఉండే లెక్కల టీచరు ఇంట్లోనే పాఠాలు రికార్డు చేసేది. తన కంప్యూటరూ, మైకూ, ఆ రెంటికీ మధ్య తగిలించే చిన్న డబ్బా తెచ్చి, ఎక్కడ ఏం నొక్కాలో చూపించి సోమవారం బడికి వెళ్లింది. భార్య గుమ్మం దగ్గర పీట వేసుకుని, వీధిలోంచి ఎవరూ వచ్చి తలుపు కొట్టకుండా కాపలా కూర్చుంది. ఆయన అరగంట చదివాడు.

సాయంత్రం టీచరు వింటే, ఫ్యాను రొదలో ఎక్కడో నూతిలోంచి పిలుస్తున్నట్టు ఉంది.

"పిన్నీ, మైకు బల్ల మీద ఉంది గానీ సాఫ్ట్‌వేరు దాన్ని వినట్లేదు. కంప్యూటరుకు సొంతంగా ఓ మైకుంటుంది, అది విన్నది ఇదంతా. ఇదిగో, ఇక్కడ మన మైకు పేరు ఎంచుకోవాలి. ఎంచుకున్నాక మైకును గోటితో గీకండి. తెర మీద గీత ఎగిరిందా, ఇది వింటున్నట్టే."

మంగళవారం గీకి చూస్తే గీత ఎగిరింది. ఆయన మాట్లాడితే తెర మీద గొంతు జోరు చూపించే పచ్చరంగు పట్టీ సర్రున పైకి పాకి చివర ఎర్రగా వెలిగింది.

"ఎరుపొచ్చిందే! రికార్డు మీటా ఎరుపే, ఇదీ ఎరుపే. బాగా పడుతోందన్నమాట!" అని ఆయన ప్రతి మాటనూ ఎరుపు తగిలేదాకా లాగాడు. నలభైకి నలభై.

విని చూస్తే ప్రతి మాటా బరబరా చిరిగిపోయింది. భార్య తెర మీది మీటను కిందికి లాగి చూసింది. చప్పుడు తగ్గింది గానీ బరబర అలాగే ఉంది. సాయంత్రం టీచరు బడినుంచి వచ్చి వింది.

"లోపలికి వచ్చేశాక తగ్గిస్తే లాభం లేదు పిన్నీ. చిరిగిన జాకెట్టును మడతపెడితే చిరుగు పోతుందా చెప్పండి? గొంతు లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే, ఈ డబ్బా మీద నాబ్ తగ్గించాలి. ఎరుపు అసలు తగలకూడదు."

కుట్టుపని మనిషికి ఆ మాట ఇట్టే అర్థమైంది. "రెండు రోజుల గొంతు గాలికి పోయిందే," అన్నాడాయన. అప్పటికే మాట జీరపోతోంది.

బుధవారం టీచరు సెలవు పెట్టుకుని వచ్చింది. నాబ్ తగ్గించింది. తను తెచ్చి పెట్టిన హెడ్‌ఫోన్లలో ఆయన మాట ఆయనకే ఓ క్షణం ఆలస్యంగా వినపడి తడబడుతున్నాడని అవీ తీయించింది. అయినా ఎరుపే.

"బాబాయిగారూ, కాస్త మెల్లగా."

"మెల్లగానే అంటున్నానమ్మా!" అన్నాడు. అల్మారాలో గ్లాసులు గల్లుమన్నాయి. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక గడియారం వైపు చూసుకున్నారు. పది నిమిషాలు అయిపోయాయి.

అప్పుడు చూసింది భార్య. ఆయన కళ్లు మైకు మీద లేవు, గుమ్మం దగ్గరున్న తన మీద ఉన్నాయి. అందరికన్నా వెనక నిలబడ్డవాడికి వినిపించడమే ఆయన నేర్చిన విద్య. ఈ గదిలో వెనక ఉన్నది తనే. మూడు రోజులుగా ఆయన్ని అరిపిస్తున్నది తన కాపలాయే.

పీట ఎత్తి తెచ్చి, బల్లకు అవతల, మోకాళ్లు తగిలేంత దగ్గరగా వేసుకుంది.

"వీధి సంగతి వీధి చూసుకుంటుంది. నాతో చెప్పండి."

"నీళ్లు కావాలి," అన్నాడు.

పట్టీ పచ్చగానే ఆగిపోయింది. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని ఆవిడకు ఇన్నేళ్లలో తెలియదు. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని వేలితో కాగితం మీద తర్వాతి మాట చూపించింది. ఒకటొకటిగా సాగాయి. మధ్యలో సైకిలు గంట ఒకటి అడ్డొస్తే, ఆ మాట మళ్లీ చెప్పాడు.

ముప్పైతొమ్మిదో మాట దగ్గర ఆగిపోయాడు. 'నాకేం భయం లేదు, నువ్వు ఊరుకో' అని రాసి ఉంది అక్కడ.

"ఇది వద్దే."

"ఏవండీ, ఎప్పుడూ అనే మాటే కదా!"

"నోటితో అంటే అన్నాను. రేపటినుంచి వేలు పెట్టి, చూసి మరీ నొక్కాలి. అంత పనిగట్టుకుని అబద్ధం ఎందుకు?"

"మరి ఏమంటారు?"

ఆయన కాగితం మీద అరచెయ్యి పరిచాడు. టీచరు రికార్డు ఆపలేదు.

"భయంగా ఉందే."

పట్టీ పచ్చలోనే రెండు గీతలు కదిలి పడిపోయింది.

"నాక్కూడానండీ," అంది ఆవిడ.

టీచరు మౌసు అందుకుంది. "పడింది. బాగా పడింది. చివర్లో మీ మాట కూడా వచ్చింది పిన్నీ. దాన్ని కత్తిరించేస్తా, ఒక్క నిమిషం."

ఆయన చెయ్యి చాపి మౌసు మీదున్న టీచరు చేతిని ఆపాడు.

"ఉండనీ అమ్మా. రెండూ కలిపే ఉంచు."

టీచరు ఇద్దరి వైపూ చూసి, అలాగే భద్రపరిచింది. ఒకసారి మూసి, మళ్లీ తెరిచి, ఉందో లేదో చూసుకుంది. భార్య పెన్సిలుతో పాత మాట కొట్టేసి, కింద కొత్తది రాసింది. ఇంకొక్క మాట మిగిలి ఉంది. అరగంటలో ఇంకా ఐదు నిమిషాలున్నాయి. ఆయన తొందరపడలేదు.