కూలర్ తొట్టిలో బచ్చలి

నేను ఒక పాత కూలర్ తొట్టిని. నేర్చుకున్న విద్య ఒక్కటే: ఒంటినిండా నీళ్లు పట్టుకుని కదలకుండా కూర్చోవడం. ఫ్యాక్టరీలో అచ్చులోంచి వేడివేడిగా తీసి, జన్మంతా చల్లగా ఉండమని పంపించారు. ఉప్పల్‌లో ఒక మేడ కింది వాటాలో ట్యూషన్లు చెప్పేవారు. అక్కడ ఆరు వేసవులు అలాగే ఉన్నాను. ఎక్కాలు వినీ వినీ నాకే వచ్చేశాయి, పిల్లలకు రాలేదు. ఏసీ రాగానే ఫ్యానునూ మోటారునూ ఎవరో ఊడదీసుకున్నారు. నన్ను డాబా మీద పడేశారు.

కొన్నాళ్లకు డాబా మీది గదిలోకి కొత్త జంట అద్దెకు వచ్చింది. వైదేహి, కిరీటి. ఒకరి కాఫీ ఒకరు ఊది చల్లార్చే దశలో ఉన్నారు. నాలో మట్టి, పశువుల ఎరువు, వంటింటి తొక్కలు నింపి బచ్చలి గింజలు చల్లారు. మొదటి మొలకకు ఫొటో తీసి రెండు వైపుల చుట్టాలకూ పంపారు. తాళ్లు కట్టి పందిరి వేస్తే, ఏప్రిల్ కల్లా తీగ సగం డాబా కప్పేసింది. చెత్తబండి ఎక్కాల్సిన తొక్కలు నాలోకి, లారీ దిగాల్సిన ఆకుకూర నాలోంచి. నగరానికి ఇంత ఉపకారం చేస్తున్నా ఒక్కరూ శాలువా కప్పలేదు.

చివరికి నన్ను ముంచింది ప్రేమ. ఆమెకు పని తగ్గాలని అతను తెల్లవారగానే నాలుగు మగ్గుల నీళ్లు పోసేవాడు. అతనికి పని తగ్గాలని ఆమె, అతను ఆఫీసుకెళ్లగానే మరో నాలుగు పోసేది. వాళ్లు చెప్పుకోలేదు, నేను చెప్పలేను. మిగులు నీరు నా అడుగు చిల్లులోంచి కారి స్లాబులోకి ఇంకి, కింద ఇంటి యజమానురాలు అండాలమ్మ పడకగదిలో చుక్కలు చుక్కలుగా రాలింది.

ఆమె రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "ఏం బిడ్డా, కూర పెంచుతున్నరా, చెరువు తవ్వుతున్నరా? సోమవారం కల్లా గీ తొట్టి తీసెయ్యుండ్రి!"

ఆమె దిగిపోగానే వైదేహి భర్త వైపు తిరిగింది. "నువ్వు కూడా పోస్తున్నావా?"

"నీకు శ్రమెందుకని..."

"అయ్యో, నేనూ అందుకేగా!"

పోట్లాడుకోవాల్సిన చోట ఇద్దరూ మురిసిపోయారు. ఇల్లు పోయేది నాకు కదా!

శనివారం కిరీటి తాళ్లు విప్పి, తీగను చుట్టచుట్టి ఓ మూలకు పెట్టాడు. వైదేహి కళ్లు తుడుచుకుంది. బోసిపోయిన స్లాబు మీద ఎండ అట్లు పోసింది. ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టక, చెమటలు కక్కుతూ, విసనకర్రతో అండాలమ్మ మళ్లీ వచ్చింది.

"నెల రోజుల సంది నా అర్ర గంత సల్లగ ఎందుకున్నదో ఇప్పుడు తెలిసింది. పందిరి మళ్ల కట్టుండ్రి. తొట్టిని ఇటుకల మీదికెక్కించి కింద బకెట్ పెట్టుండ్రి. నీళ్లు నేను పోస్త. మీరిద్దరు మగ్గు ముట్టిండ్రో, చూడుండ్రి మరి!"

ఇప్పుడు బకెట్‌లో పడ్డ నీళ్లు మళ్లీ నాకే. అండాలమ్మ వంకాయ తొడిమలూ నాకే. పొద్దున్నే కొత్త జంట బచ్చలిని చూస్తామంటూ గదిలోంచి బయటికి వస్తారు. ఏ పనీ లేని చేతులతో పందిరి కింద చాలాసేపు నిలబడతారు. బచ్చలి వైపు మాత్రం ఒక్కసారీ చూడరు.