టేపు కింద లైన్లు

తమ్ముడికి రేడియో అని పేరు పెట్టింది వీధి కాదు, వాడే. "నా తలలో స్టేషన్లు ఎక్కువ మరి!" అని నవ్వేవాడు. పిచ్చాసుపత్రికి రెండుసార్లు వెళ్లొచ్చిన మనిషి తన పిచ్చి మీద తనే జోకులేస్తుంటే పెద్దమనుషులకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అక్కకీ తెలిసేది కాదు.

అక్కది స్క్రీన్ ప్రింటింగ్ షాపు. కవితల ప్రదర్శనలో గోడకి వేలాడదీయాలని రేడియో తన కవితని ట్రేసింగ్ కాగితాల మీద లావుపాటి కుంచెతో రాసి ఇచ్చాడు. ఆమె ఆ అక్షరాలని ఫ్రేములకి బిగించిన జాలీల మీదికి ఎక్కించింది. అప్పుడు చూసింది. ప్రతి లైనూ రెండేసిసార్లు ఉంది.

జబ్బు ముదిరినప్పుడు వాడు ఇలాగే అన్న మాటే అనేవాడు. కుళాయి దగ్గర జనం వాడిని వెక్కిరిస్తూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఇదేంట్రా అని వాడినే అడిగితే సరిపోయేది. అడగలేదు. పిచ్చివాడిని అడిగేదేముంది అనుకునే జబ్బు బాగున్నవాళ్లకే వస్తుంది, దానికి మాత్రలు లేవు. బ్రౌన్ టేపు తెచ్చి రెండో లైన్లన్నీ మూసేసి, జాలీ మీదుగా పోస్టరు కాగితాల మీదికి ఇంకు లాగింది. టేపున్న చోటల్లా తెల్లటి ఖాళీ మిగిలింది. పోస్టర్లు నేరుగా హాలుకి పంపేసింది.

ప్రదర్శన రోజు రేడియో పక్కన టైలరమ్మ నిలబడింది. ఆమెకి నత్తి. ఆమె కుట్టుగదిలోనే వాళ్లు వారం వారం కవితలు చదువుకునేది. "ఒక్కసారి రా అక్కా" అని వాడు ఎంత బతిమాలినా, "పనుంది పోరా" అనేది అక్క.

"నా తలుపుకి గడియ లోపలే ఉంది" అని మొదటి లైను చదివి రేడియో టైలరమ్మ వైపు తిరిగాడు. ఆమె గోడ వైపు చూసింది. తెల్లటి ఖాళీ.

"నా... నా లైను తీసేశావా, రేడియో?"

పక్కనెవరో "పోనీలెండి" అనబోతే రేడియో చెయ్యెత్తి ఆపాడు. టైలరమ్మ మాట్లాడేటప్పుడు ఎవరూ మాట అందించకూడదు. కుట్టుగది చట్టం అది. మొదటిసారి లైను రేడియోది, రెండోసారి అదే లైను ఆమెది, ఎంతసేపు పడితే అంతసేపు. ఆ కవిత కట్టిందే అందుకు. అక్కకి అది ఇప్పుడు అర్థమైంది.

"న-నత్తిదాన్ని పదిమందిలో నిలబెట్టడానికి సిగ్గేసిందా?"

"రాశాననుకున్నానే..." రేడియో గోడని తడిమి చూశాడు. "అక్కా, మళ్లీ మొదలైనట్టుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."

నేరం పిచ్చివాడి మీదికి నెట్టేస్తే అడిగే నాథుడుండడు. "పద నాన్నా" అని అక్క వాడి భుజం మీద చెయ్యేసింది. వాడు సరేనని తలూపి వెంట నడిచాడు. మారు మాట్లాడకుండా ఊపిన ఆ తలే ఆమెని కోసేసింది.

గుమ్మం దగ్గర వాడిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆటో ఎక్కి షాపుకి పరుగెత్తింది. ఫ్రేము తెచ్చి టైలరమ్మ ముందే వాడి ఒళ్లో పెట్టింది.

"టేపు పీకు."

పీకాడు. జాలీని వెలుతురుకి ఎత్తాడు. వాడి అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"రాశాను! చూడు టైలరమ్మా, రాశాను!" కోపం కంటే ముందు వాడికి ప్రాణం లేచొచ్చింది. అది చూడలేక అక్క తల దించుకుంది.

"నేనేరా మూసింది. నవ్వుతారని."

"ఎ-ఎవర్ని చూసి, అమ్మాయ్?" అంది టైలరమ్మ. "వాడినా, నిన్నా?"

"నన్నే."

రేడియో పీకిన టేపుని ఉండచుట్టి పక్కన పెట్టాడు.

"మళ్లీ వేసి తెస్తాన్రా."

"వద్దు. ఆ ఖాళీలు అలాగే వేలాడనీ. అడిగినవాళ్లకి నువ్వే చెప్పు. వాటి పక్కనే నిలబడి."

వాళ్లిద్దరూ గోడ దగ్గరికెళ్లి మొదట్నుంచి చదివారు. గడియ అనే మాట దగ్గర టైలరమ్మ ఆగిపోయింది. రేడియో కదల్లేదు. మాట దానంతటదే వచ్చింది.

తర్వాత ఒక కళ్లద్దాల పెద్దమనిషి పోస్టర్ల దగ్గరికి వచ్చాడు. "ఈ తెల్లటి ఖాళీలు అద్భుతమండీ! కవిగారి ఆలోచనేనా?"

"కాదండీ" అంది అక్క. "నేను..."

గొంతు పట్టేసింది. ఆయన ఏదో మాట అందించబోయాడు.

"ఆ-ఆగండి" అంది వెనకనుంచి టైలరమ్మ. "చెప్పనివ్వండి."