మోకాళ్ల నొప్పుల దెయ్యం

2013 వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం జ్ఞానప్రసూన అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని తన ఇంట్లో, బట్టల గదిలో, పట్టుచీరల మధ్య పీట వేసుకుని కూర్చుని దెయ్యం కథ చెప్పింది. నలభై ఏడేళ్ల మనిషి, ఆఫీసులో పదిమంది సాఫ్ట్‌వేర్ టెస్టర్లను హడలగొట్టే మేనేజరు, ఇదేం చోద్యమని అడగకండి. చీరలు ప్రతిధ్వనిని మింగేస్తాయనీ, రికార్డింగ్‌కి ఇంతకన్నా మంచి చోటు దొరకదనీ నమ్రత తేల్చేసింది.

నమ్రత ఆమె స్నేహితురాలు సుధ కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల. భయానక కథల్ని ఆడియో నాటకాలుగా మార్చి పాడ్‌కాస్ట్‌లో పెడుతుంది. ఆ పిల్లకి డెస్మండ్ క్రాల్ అంటే ప్రాణం. క్రాల్ ఇంగ్లండు రచయిత. పగలు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి, సాయంత్రాలు దెయ్యాల్ని పుట్టించేవాడు. అరవైల్లో ఆయన పదకొండు పుస్తకాలు రైల్వే స్టేషన్లలో పకోడీల్లా అమ్ముడుపోయాయి. తర్వాత పబ్లిషరు దివాలా తీశాడు, పాఠకులు టీవీకి అతుక్కుపోయారు, ఆయన్ని లోకం మర్చిపోయింది. ఆయనకి ఎనభై నాలుగేళ్లు వచ్చి, సముద్రపు ఒడ్డున వృద్ధాశ్రమంలో ఉండగా, ఇప్పుడు నమ్రతలాంటి పిల్లలు ఆ కథలకి అడుగుల చప్పుడూ తలుపుల కిర్రూ చేర్చి వేలమంది చెవుల్లో పోస్తున్నారు. పెద్దాయనకి ఇదంతా తమాషాగా ఉందట. ఒక్క కథ మాత్రం దొరకలేదు. రోజుకొక మెట్టు ఎక్కి వచ్చే దెయ్యం కథ. అచ్చేసిన చిన్న పత్రిక ఎప్పుడో మూతపడింది, ఆయన దగ్గరా కాపీ లేదు.

ఆ మధ్య సుధ ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాట రాగానే జ్ఞానప్రసూన చేతిలో గరిట ఆగిపోయింది. "అది నా దగ్గరుంది," అంది.

1976లో తెనాలిలో వాళ్లింటికి వచ్చే వారపత్రికలో ఆ కథ తెలుగులో పదమూడు వారాల సీరియల్‌గా వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో క్రాల్ పేరు ఉండేది. శుక్రవారం పత్రిక రాగానే అక్క కనకదుర్గ మేడమెట్ల మీద కూర్చుని పైకి చదివేది. అక్కకి పదిహేడు, తనకి పది. ఆ ఏడే వాళ్లమ్మ పోయింది. కథలో కూడా తల్లి లేని పిల్లే, మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటుంది. ఏదో పైకి వస్తూ ఉంటుంది. కథలో రోజుకొక మెట్టు, వీళ్లకి వారానికొక మెట్టు. తను అక్క ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని వినేది. ఎంత సుఖమైన భయం అది! అలాంటి భయం మళ్లీ ఈ జన్మలో దొరకలేదు.

సీరియల్ అయిపోయాక అక్క ఆ కాగితాలు విప్పి బైండు చేయించింది. 2001లో ఉద్యోగానికి అమెరికా వస్తూ జ్ఞానప్రసూన దాన్ని పెట్టెలో పెట్టుకుంది. అందులో పన్నెండు భాగాలే ఉన్నాయి. ఆఖరి వారం పత్రిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి పోగొట్టారని అక్క చెప్పింది. అయితేనేం, అక్క చదివింది పొల్లు పోకుండా గుర్తుంది.

బట్టల గదిలో పన్నెండు భాగాలూ చూసి ఇంగ్లీషులో చెప్పింది. పదమూడోదానికి పుస్తకం మూసి, తనకే తెలియకుండా తెలుగులోకి దిగిపోయింది. పిల్ల తలుపు తీస్తే గుమ్మంలో చనిపోయిన తల్లి, గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. "మోకాళ్ల నొప్పులు తల్లీ, రోజుకొక మెట్టే ఎక్కగలిగాను. అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. లేదంటే కలిపి పెట్టి, దుప్పటి కప్పి, మళ్లీ రోజుకొక మెట్టు దిగి వెళ్లిపోతుంది.

నమ్రత కళ్లు తుడుచుకుంది. 2009లో కనకదుర్గ పోయాక జ్ఞానప్రసూన ఆ మెట్ల గురించి నోరు విప్పడం అదే మొదలు.

నమ్రత స్క్రిప్టు రాసి క్రాల్‌కి పంపింది. పదిరోజులకి మెయిల్ వస్తే పరుగున వచ్చి, నిలబడే చదివి వినిపించింది. పన్నెండు మెట్లూ తనవేనట. పదమూడోది కాదట. తన కథలో తలుపవతల తల్లి గొంతు పిలుస్తుంది, పిల్ల ఆశగా తీస్తుంది, అక్కడున్నది తల్లి కాదు. ఆ తర్వాత పిల్లని ఎవరూ చూడలేదు.

"మే బీ ట్రాన్స్‌లేటర్ చేంజ్ చేశాడేమో ఆంటీ," అంది నమ్రత.

ఆ మోకాళ్లు ఎవరివో జ్ఞానప్రసూనకి తెలుసు. మేడ మీద ఆరేసిన బట్టల కోసం ఎక్కుతూ అమ్మ మెట్టుకొకసారి ఆగేది. ఆ శుక్రవారం అక్క తలుపు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, మంచినీళ్లు తాగి వచ్చింది. ఆ తర్వాత చదివిందేదీ పేజీలో లేదు. పక్కింటివాళ్లు ఏ పత్రికా పట్టుకెళ్లలేదు. పదిహేడేళ్లది, తనకీ అమ్మ పోయింది, చెల్లెలు భయపడకూడదని అప్పటికప్పుడు అల్లి, ఆ కాగితాలు మాయం చేసి, చచ్చేదాకా ఒక్క మాట చెప్పలేదు. జ్ఞానప్రసూన కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, "కథ ఆయనది నమ్రతా. ఆయన ఎండింగే పెట్టు. మా అక్కది నా దగ్గరే ఉండనీ," అంది. ఆ మాట అనడానికి ప్రాణం పోయినంత పనయింది.

మెయిల్ ఇంకా ఉందని నమ్రత చెప్పింది. మోకాళ్లు పనిచేయక క్రాల్‌ని కింది గదికి మార్చారట. జీవితమంతా జనాన్ని భయపెట్టాను గానీ దెయ్యానికీ కాళ్లు నొప్పులుంటాయని నాకు తట్టలేదు, ఈ ముగింపే ఉంచండి, అల్లినవారి పేరు నా పేరు పక్కన చెప్పండి అని రాశాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని జ్ఞానప్రసూన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. మొదట క్రాల్ పేరు, వెంటనే అమెరికా యాసలో అక్క పేరు వినిపించాయి. తర్వాత అడుగుల చప్పుడు మొదలైంది. కథ తెలిసినదే అయినా పన్నెండో మెట్టు దగ్గర చున్నీ కొస నోట్లోకి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. నమ్రత అక్కడ తల్లి మాటని ఇంగ్లీషు చేయకుండా, చీరల మధ్య రికార్డు చేసిన తెలుగునే ఉంచేసింది. గొంతు జ్ఞానప్రసూనదే. కానీ వింటుంటే అచ్చం అక్కదే.

"అన్నం తిన్నావా?"

లంచ్ బాక్సు పక్క సీటులో మూత తీయకుండా ఉంది.

"ఇంకా లేదక్కా," అంది జ్ఞానప్రసూన.